ఒక శిరస్త్రాణపు ఆత్మకథ

నన్ను లోకము హెల్మెట్టని పిలుచును, పండితులు శిరస్త్రాణమందురు, నా యజమాని తల్లికి మాత్రము నేను "టోపీ"ని. కారంపూడి మండలములోని యొక పల్లెలో, పెంకుటింటి నడవయందు, పాత క్యాలెండరు ప్రక్క మేకునకు వ్రేలాడుచు ఈ కథ చెప్పుచున్నాను. నా కుడిప్రక్క, చెవికి పైభాగమున, జానెడు పగులు కలదు. లోపలి తెల్లని థర్మోకోలు పొర అచ్చట బొటనవ్రేలు దిగునంత లోతుగా నలిగిపోయినది. ఒకమారు నలిగిన ఆ పొర మరల పొంగదు. కావున నేనిక ఏ తలకును కాపు కాజాలను. అయినను ఈ యింటివారు నన్ను పాతసామానులవానికి వేయలేదు.

నేనిచ్చటికి నరసరావుపేటనుండి వచ్చితిని. ఆ యేడు పత్తి బాగుగా పండెను. పెద్దకుమారునికి పేటలోని యొక కళాశాలలో సీటు వచ్చెను. బండి కొనియిచ్చినగాని చదువునకు పోనని వాడు రెండు దినములు అన్నము మానగా, మూడవనాడు తండ్రి మెత్తబడెను. లైసెన్సు చేతికి వచ్చువరకు బండితాళము తన మొలత్రాటికే కట్టుకొని తిరిగిన ఆ తండ్రిని నేను నేటికిని గౌరవింతును. నన్ను కొనునాడు సయితము ఆయన, రోడ్డుప్రక్క పట్టాపై పోగువోసి యమ్ముచున్న చౌకబారు డొప్పలను దాటి, దుకాణములోనికే వచ్చెను. దుకాణదారుడు నా వెనుకభాగమున నున్న ఐ.ఎస్.ఐ. గుర్తును, దానిక్రింద ఐ.ఎస్. 4151 అను సంఖ్యను చూపి, 2021 జూన్ 1 మొదలు ఈ గుర్తు లేని హెల్మెట్లను తయారుచేయుటయు నమ్ముటయు చట్టవిరుద్ధమని వివరించెను.

"పోలీసోళ్ళు పట్టుకుంటే వెయ్యి రూపాయలంట. అది కట్టేకంటే ఇది కొనుక్కోవటమే నయం" అని తండ్రి రొక్కము లెక్కపెట్టెను.

"వెనక కూర్చునేవాళ్ళకి ఇంకోటి ఇమ్మంటారా?" అని దుకాణదారుడడిగెను.

"ఎందుకులేవయ్యా, నడిపేవాడికుంటే చాలదా?"

ఆ మాటలో పిసినిగొట్టుతనము లేదు. మా సీమలో నూటికి తొంబదిమంది తండ్రుల నోట వచ్చు మాటయే యది. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 129వ సెక్షను నడుపువానిని, వెనుక కూర్చుండువానిని ఒక్కగాటనే కట్టిన సంగతి ఆయనకెవరును చెప్పలేదు. ప్రాణభయముచేత గాక, జరిమానా భయముచేత నేనా యింట నడుగుపెట్టితిని. నా జీవితమందలి దుఃఖమునకంతకును మూలమిదియే యని నా నమ్మకము.

నా వంశచరిత్ర కొంత చెప్పవలయును. 1935 మే నెలలో ఇంగ్లండునందు అరేబియా లారెన్సని ప్రసిద్ధిగన్న పురుషుడు మోటారుసైకిలుపై పోవుచు, సైకిళ్ళపైనున్న యిరువురు బాలురను తప్పింపబోయి పడి, ఆరుదినములు స్మృతిలేక యుండి మరణించెను. ఆయనకు చికిత్సచేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యుడొకడు. ఆ మరణమాయన మనస్సును విడువలేదు. గాయపడిన మోటారుసైకిలువారి తలలను ఏండ్లతరబడి పరిశీలించి, 1941లో నొక వ్యాసము ప్రకటించి, తలకు తగిన కవచమున్నచో నెందరో బ్రదుకుదురని ఆయన చూపగా, ఆ యేడే బ్రిటిషు సైన్యము తన మోటారుసైకిలు సిపాయిలకు హెల్మెట్టును నిర్బంధముచేసెను. ఒక మరణమును చూచి నిట్టూర్చి యూరకుండక, ఆ నిట్టూర్పును లెక్కలుగా, ఆ లెక్కలను ఆజ్ఞగా మార్పించిన ఆ వైద్యుని నేను మా కులపతిగా తలచుచుందును.

మా కుర్రవాడు, అనగా నా యజమాని, నన్ను రెండేండ్లు వాడెను. అందు తలపై నున్న కాలము తక్కువ. అద్దమునకో, మోచేతికో వ్రేలాడిన కాలమే యెక్కువ. నకరికల్లు వద్ద పెద్దరోడ్డు దాపునకు రాగానే, పోలీసులుందురేమోయని నన్ను తలపై బోర్లించుకొనెడివాడు, దాటగానే తీసివేసెడివాడు. గడ్డముక్రింది పట్టీ బిగించినపుడు టక్కుమని చప్పుడగును. ఆ చప్పుడు నేను వినిన సందర్భములను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. పట్టీ బిగింపని హెల్మెట్టు ముడివేయని మూటవంటిది. తల నేలను తాకకమునుపే తాను దూరముగా దొర్లిపోవును.

"జుట్టు రాలిపోద్దిరా" అని స్నేహితుడొకడనగా, "పల్నాటోడికి టోపీ ఏందిరా" యని మరియొకడనెను. ఈ రెండవమాట నాకు బాధ గలిగించెను. కార్తికమాసమున కారంపూడిలో పల్నాటి వీరారాధనోత్సవములు జరుగునపుడు నేను వీర్లగుడి సమీపమున బండికి వ్రేలాడుచు చూచితిని. ఆచారవంతులు దూరగ్రామములనుండి వీరుల ఆయుధములగు కొణతములను భక్తితో మోసికొనివచ్చి నాగులేట స్నానము చేయించుచుండిరి. బాలచంద్రుని పేరు వినగానే కన్నీరు పెట్టుకొను ముసలమ్మలను కంటిని. పూర్వవీరుల ఆయుధములను తలకెత్తుకొను ఈ జనులు తమ బిడ్డల తలలపై నన్ను నిలుపుటకేల సందేహింతురో నాకర్థము కాలేదు. కవచము ధరించుట పిరికితనమని ఏ వీరగాథయు చెప్పినట్లు నేను వినలేదు.

ఇక ఆ రాత్రి. మహాశివరాత్రి. కోటప్పకొండ తిరునాళ్ళకు అన్నదమ్ములిద్దరును పోయిరి. తమ్ముడనగా పినతండ్రి కుమారుడు, ఇంటరు మొదటి సంవత్సరము చదువువాడు. దీపములతో మెరయు ప్రభలను చూచుచు, పాటలు వినుచు రాత్రియంతయు గడిపి, తెల్లవారుజామున మూడుగంటలవేళ బయలుదేరబోవునపుడు ఇంటినుండి ఫోను వచ్చెను. "నిద్రమత్తులో రాబాకండి నాన్నా, తెల్లారినాక రండి. టోపీ పెట్టుకో. ఆ బెల్టు కూడా పెట్టుకో" యని తల్లి చెప్పెను. ఆమె చెప్పినవానిలో మొదటిది వారు వినలేదు. తక్కిన రెండును వినిరి.

తమ్ముడు నన్ను తీసికొని తన తలపై పెట్టుకొని, బండియద్దములో చూచుకొని నవ్వెను. పిమ్మట, "నడిపేది నువ్వుగా అన్నా, నువ్వే పెట్టుకో" యని తీసియిచ్చెను. టక్కుమని చప్పుడైనది. వాని తలనూనె వాసన నా గుడ్డపొరలో నింకను ఆరలేదు.

అది మిరపకాయల కాలము. నకరికల్లు దాటిన తరువాత, మిర్చి టిక్కీలు నింపిన ట్రాక్టరు ట్రక్కొకటి టైరు పగిలి రోడ్డుపైననే నిలిచియుండెను. వెనుక దీపము లేదు; ఎర్రని రిఫ్లెక్టరు బిళ్ళయైనను లేదు; కనీసము నాలుగు చెట్టుకొమ్మలు విరిచి దూరమున వేసినవారును లేరు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు దాటిపోవును. నిద్రలేని కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకును నొక్కునప్పటికే ఆ సెకను గడిచిపోవును. లైటు వెలుగులో గోనెసంచుల కుట్లు నాకు స్పష్టముగా కనబడినవి. అంత దగ్గరకు వచ్చినగాని కనబడలేదు.

నా పని యంతయు సెకనులో నూరవవంతు. పైడొప్ప పగిలి దెబ్బను వెడల్పుగా పరచినది. లోపలి పొర తాను నలిగి, తల ఆగుటకు కొంచెము వ్యవధి నిచ్చినది. ఆ బొటనవ్రేలి మందము వ్యవధియే నా యజమాని ప్రాణము. నాకు రెండడుగుల దూరమున మరియొక తల, నూనె రాచి నున్నగా దువ్విన తల, రోడ్డును తాకినది. దానికాలోపల నేను చేయగలిగినదేదియు లేదు.

అటు వచ్చుచున్న లారీడ్రైవరొకడు బండి యాపి, 108కు ఫోనుచేసి, తన తువ్వాలు మడిచి ఆ పిల్లవాని తలకు ఒత్తిపట్టి, వాహనము వచ్చువరకు కదలక కూర్చుండెను. గాయపడినవానికి తోడ్పడినవారిని కేసులలో నిరికింపరాదని 2019లో చట్టమునకు 134ఏ సెక్షను చేర్చిరి; ఆ సంగతి ఆయనకు తెలిసియుండునో లేదో, మనుష్యధర్మము మాత్రము తెలిసియుండెను. తమ్ముడు పేట చేరకమునుపే మరణించెను.

2022వ సంవత్సరమున ఈ దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించినట్లు కేంద్రప్రభుత్వము ప్రకటించినది. హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఆ లెక్క విన్నప్పుడెల్ల, బండియద్దములో చూచుకొని నవ్విన ముఖమొక్కటే నాకు గుర్తువచ్చును.

ఇప్పుడు ఏటేట జనవరిలో రోడ్డుభద్రతా మాసము వచ్చును. నా యజమాని నన్ను సంచిలో పెట్టుకొని చుట్టుప్రక్కల ఉన్నతపాఠశాలలకు పోవును. వాడు వక్త కాడు, మాట తడబడును. సిగ్నలు దీపమే లేని ఊరి పిల్లలకు ఎరుపు, పసుపు, పచ్చ బొమ్మలు చూపి ఊరకుండుట వానికి తృప్తినీయలేదు. ఆ పిల్లలు నిత్యము చూచునది ట్రాక్టరును, మలుపును, చీకటిని, ముగ్గురెక్కిన బండిని; కావున వాటిని గూర్చియే చెప్పును. నాన్న ట్రక్కుకు రిఫ్లెక్టరు బిళ్ళలున్నవో లేవో ఇంటికి పోయి చూడుడనును. పదునెనిమిదేండ్లు నిండనివాడు బండి తోలి నేరము చేసిన, తండ్రికి మూడేండ్లవరకు జైలును, 25,000 రూపాయల జరిమానాయు పడవచ్చుననియు, ఆ పిల్లవానికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు రాదనియు చెప్పినపుడు పిల్లలు గుసగుసలాడుదురు. పిమ్మట నన్ను చేతికిచ్చును. నేను బెంచీనుండి బెంచీకి పోవుదును. ఒక్కొక్క వ్రేలును నా నలిగినచోట దిగును; గుసగుసలు ఆగిపోవును.

మొన్న ఒక బడిలో, ఎనిమిదవ తరగతి బాలిక యొకతె నన్ను ఒడిలో పెట్టుకొని చాలసేపు చూచి, "అన్నా, ఇది నీదేనా?" యని అడిగెను.

"నాదే, తల్లీ."

"మరి మీ తమ్ముడిదేదన్నా?"

వాడు వచ్చి నన్ను తీసికొనెను. వాని వ్రేళ్ళు నా పట్టీని వెదకి, టక్కుమని బిగించి, మరల విప్పెను.

"కొనలేదమ్మా" అనెను.