కంకర బ్యాంకు

సిద్దిపేటలో స్టీల్ బ్యాంకు ఉంది. పెళ్లికో దావత్‌కో ప్లాస్టిక్ ప్లేట్లు కొనే పని లేకుండా స్టీలు పళ్లాలు, గ్లాసులు పట్టుకుపోయి, పనయ్యాక కడిగి తిరిగిచ్చేయొచ్చు. తడి చెత్తేదో పొడి చెత్తేదో నేర్పే స్వచ్ఛబడి ఉంది. బుస్సాపూర్‌లో తడి చెత్త నుంచి గ్యాసు తీసే ప్లాంటు ఉంది. పనికిరానిదంటూ దేన్నీ వదలని ఊరు ఇది. అలాంటి చోట రోడ్ల మీంచి లేచిపోయే కంకరను ఎవరూ పట్టించుకోకపోతే ఎట్లా? అందుకే నాదొక మనవి. కంకర బ్యాంకు పెడదాం.

పథకం సులువు. ఎవరింటి ముందు తేలిన కంకరను వాళ్లు ఊడ్చి బ్యాంకులో జమ చేయాలి. మళ్లీ రోడ్డు వేసేటప్పుడు కాంట్రాక్టరు అక్కడే అప్పు తీసుకుంటాడు. వడ్డీ కింద నాలుగు చుక్కల డాంబరు ఎక్కువ పోయమందాం. అసలు మునుగుతుందన్న భయం అక్కర్లేదు. రెండో వానాకాలం దాటకుండా మొత్తం తిరిగొస్తుంది.

నవ్వకండి. మున్సిపాలిటీల్లో రోడ్డు ఎలా పుడుతుందో తెలిస్తే మీరే మొదటి ఖాతా తెరుస్తారు. కౌన్సిలర్ అడుగుతాడు, కౌన్సిల్ తీర్మానం చేస్తుంది. అసిస్టెంట్ ఇంజినీరు టేపు పట్టుకొచ్చి ఎస్టిమేట్ రాస్తాడు, పైవాళ్లు మంజూరు చేస్తారు, టెండర్ పిలుస్తారు. ఎస్టిమేట్ వంద రూపాయలనుకోండి. ఒకాయన ‘ఇరవై లెస్’ అంటాడు, ఇంకొకాయన ‘ఇరవై ఐదు లెస్’ అంటాడు. అంగట్లో వంకాయలమ్మే అవ్వ కూడా ఇంత ఉదారంగా తగ్గించదు. వందకు అయ్యే పనిని డెబ్బై ఐదుకు చేసి, అందులోనే లాభమూ మర్యాదలూ చూసుకోవాలంటే ఎక్కడో ఒకచోట తగ్గాలి. కూలి తగ్గదు, డీజిల్ తగ్గదు, జీఎస్టీ అసలే తగ్గదు. అడిగిన వెంటనే తగ్గే మంచి గుణం డాంబరుకే ఉంది.

పనయ్యాక పొడవు, వెడల్పు, మందం కొలతల పుస్తకంలో, అంటే ఎం-బుక్కులో ఎక్కుతాయి. ఆ పుస్తకంలో ప్రతి రోడ్డూ పెళ్లినాటి ఫొటోలాగే ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఏ గతి పట్టిందో రాసే గడి అందులో లేదు.

అయితే డిఫెక్ట్ లయబిలిటీ అని ఒక షరతుంది. గడువులోపల రోడ్డు పాడైతే వేసినాయనే సొంత ఖర్చుతో బాగుచేయాలి. వినడానికి గట్టి షరతే. కానీ దానికి విరుగుడు గడ్డపార. రోడ్డు పడ్డాక, సరిగ్గా పడ్డాకనే, ఎవరికో పైపు గుర్తొస్తుంది. నల్లా పైపు ఒకరిది, అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఇంకొకరిది, కేబుల్ మరొకరిది. రోడ్డుకు ముందే రమ్మంటే వాళ్లకు నిధులుండవు. రోడ్డు ఆరగానే విడుదలవుతాయి. నడుమ నిలువునా ఒక కోత పడిందా, ఇక రోడ్డు వేసినాయన చేతులు కడిగేసుకున్నట్టే. “నా రోడ్డును వాళ్లు కోసిండ్రు సార్, నాకేం సంబంధం?” తవ్వినాయన, “మట్టి కప్పినం కద” అంటాడు. కప్పాడు, నిజమే. మట్టిని పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. ఆయన కొట్టింది బిల్లు. మొదటి వానకు ఆ కోత కుంగి, గల్లీ పొడుగునా మోరీ అవుతుంది. డ్రైనేజీ భూమి లోపల ఉండాల్సిందన్న మాట మనకెందుకు, నీళ్లయితే పారుతున్నాయి.

ఒక గల్లీలో ప్యాచ్ వర్క్ దగ్గర నిలబడి చూశాను. పేరు చెప్తే మిగతా గల్లీలు అలుగుతాయి. గుంత అంచులు చతురస్రంగా కోసి, దుమ్ము దులిపి, పల్చటి డాంబరు పూసి, వేడి మిశ్రమం నింపి, రోలర్‌తో తొక్కించాలన్నది పద్ధతి. అక్కడికి ఒక ట్రాలీ ఆటో, ఇద్దరు ఆడకూలీలు, మూడు తట్టలు వచ్చాయి. గుంతలో రాత్రి కురిసిన వాన నీళ్లు. ఒకామె చీపురుతో నీళ్లు చిమ్మి, చల్లారిన కంకర తట్టెడు బోర్లించి, చెప్పుకాలితో రెండుసార్లు అదిమింది. చాయ్ తాగుతున్న పెద్దాయన ఉండబట్టలేక, “నీళ్ల మీద డాంబరు అంటుకుంటదా బిడ్డా?” అన్నాడు. ఆమె తట్ట దులుపుకుంటూ, “అంటుకోకుంటే మల్ల మేమే వస్తం కద తాతా, మాకు ఇంకొక దినం కూలి” అంది. నేను విన్న ఇంజినీరింగ్ వివరణల్లో ఇంత నిజాయితీగలది ఇదొక్కటే. ఇక రోలర్ పని మన బండ్ల టైర్లు చేస్తాయి.

గుంతకు కులగోత్రాలు కూడా ఉంటాయి. రాజీవ్ రహదారి మీద పడితే రాష్ట్రానిది. దుద్దెడ టోల్‌గేటు దగ్గర పైసలు కట్టి మరీ చూసుకోవచ్చు. మెదక్ నుంచి ఎల్కతుర్తి పోయే 765 డీజీ మీద పడితే అది జాతీయ గుంత. గల్లీలోదైతే మున్సిపాలిటీది. రెండు రోడ్లు కలిసే మూల మీద పడ్డదే పాపం, దిక్కులేనిది.

మరమ్మతు కాకుండా పూర్తి రోడ్డే మళ్లీ వేస్తే? పాత పొర గీకి తీయడం ఖర్చు గనక దాని మీదే ఇంకో పొర. నాకు తెలిసిన ఒక పాత ఇంటికి ఏడు మెట్లుండేవి. రోడ్డు ఎదిగీ ఎదిగీ ఇప్పుడు రెండే మిగిలాయి. “ఇంకొక్క ఎలక్షన్ అయితే మెట్లు దిగి ఇంట్లకు పోవాలె” అంటుంది ఆ ఇంటావిడ.

గుంతలను పట్టించుకునేలా చేయడానికి 2019లో బెంగళూరులో బాదల్ నంజుండస్వామి అనే కళాకారుడు ఒక నటుడికి వ్యోమగామి వేషం వేసి గుంతల రోడ్డు మీద నడిపించాడు. చంద్రుడి మీద నడిచినట్టున్న ఆ వీడియో లోకమంతా తిరిగింది, కార్పొరేషన్ వాళ్లు వెంటనే పనిలోకి దిగారు. మనకు అంత శ్రమ లేదు, గణపతి చాలు. ట్రాక్టర్ మీద విగ్రహం ఊగకూడదని నిమజ్జనానికి ముందు గుంతల్లో మొరం పడుతుంది. ఆయన నీళ్లలో కలిసిన వారానికి మొరం కూడా కలుస్తుంది.

బ్యాంకు వచ్చేలోపు ఒక్క పని చేయండి. మీ గల్లీలో రోడ్డు పడ్డ తారీఖు, వేసినాయన పేరు, డిఫెక్ట్ లయబిలిటీ ఎప్పటిదాకా ఉందో పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో అడిగి, గల్లీ మొదట్లో గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. గడ్డపార పట్టుకొచ్చిన వాళ్ల తారీఖు కూడా దాని కిందే. సున్నం ఖర్చు మీదే, ఎం-బుక్కులో ఎక్కదు.