ఆర్థిక శాఖ వారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ తెలంగాణ ఆర్థిక శాఖ వారికి, హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ పరిసర నిరుద్యోగుల తరఫున రాసుకున్న బహిరంగ లేఖ. విషయం: ఖాళీలు.

ముఖ్యమంత్రి గారిని వదిలేసి తమకెందుకు రాస్తున్నారని అడగవచ్చు. ముఖ్యమంత్రులు మాట ఇస్తారు, తమరు అనుమతి ఇస్తారు. ఏ శాఖైనా ఖాళీల లెక్క పంపితే తమరు కొర్రీ వేయాలి, వాళ్లు సమాధానం రాయాలి, రోస్టర్ పాయింట్లు సరిచూడాలి, ఫైలు మళ్లీ తమ దగ్గరికి రావాలి, జీవో వెలువడాలి. నోటిఫికేషన్ పడేది ఆ తర్వాతే. ఈ వరస అశోక్‌నగర్‌లో టీ కాచేవాడికి కూడా కంఠతా వచ్చు. ఏ పార్టీ గెలిచినా మారనిది తమ ముద్ర ఒక్కటే కాబట్టి లేఖ నేరుగా తమ చిరునామాకే.

జీతాలు ఎంత పెంచాలో చెప్పమని వేసిన బిస్వాల్ కమిటీ, జీతం తీసుకునే మనిషే లేని కుర్చీలను కూడా లెక్కపెట్టింది. 2021 జనవరిలో బయటికొచ్చిన ఆ నివేదిక ప్రకారం మంజూరైన పోస్టులు 4,91,304. ఖాళీలు 1,91,126. అంటే ప్రతి అయిదు కుర్చీల్లో దాదాపు రెండింటి మీద దుమ్మే. 2022 మార్చి 9న అసెంబ్లీలో చెప్పిన లెక్కకు వచ్చేసరికి ఖాళీలు 91,142 అయ్యాయి. వాటిలో 11,103 కాంట్రాక్టు వారి క్రమబద్ధీకరణకు పోగా, నేరుగా భర్తీ చేసేవి 80,039. మధ్యలో లక్ష ఖాళీలు ఎటు పోయాయి? ప్రమోషన్లతో నిండేవి తీసేశామంటారు. ఒప్పుకుందాం. ఆ తీసివేత లెక్కేదో లైబ్రరీ నోటీసు బోర్డు మీద అంటిస్తే, అభ్యర్థులు దాన్ని కూడా జనరల్ స్టడీస్‌లో భాగంగా చదువుకుంటారు.

ఇక తమ ప్రతిభకు నిజంగా దండం పెట్టాల్సిన చోటు వయసు. 2021 మార్చిలో పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెరిగింది. దాంతో 2024 మార్చి దాకా, మూడేళ్లపాటు, వయసు నిండి ఇంటికి వెళ్లినవాళ్లు దాదాపు లేరు. గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము అప్పటికి ఆగింది. ఆగిన విరమణలు మళ్లీ మొదలయ్యాక, తమకు రావాల్సిన డబ్బు కోసం రిటైరైనవారే రోడ్డెక్కారు. అది వేరే లేఖ. లోపలివాళ్లు కదలకపోతే బయటివాళ్లకు వయసు మీరిపోతుంది కదా? దానికీ విరుగుడు కనిపెట్టారు. యూనిఫాం లేని పోస్టులకు గరిష్ఠ వయసు 34 నుంచి 2022లో 44కి, 2024 ఫిబ్రవరిలో 46కి పెంచారు. రిజర్వేషన్ వర్గాలకు ఇంకో అయిదేళ్లు కలుస్తాయి. అంటే 51వ ఏట తొలి జీతం అందుకుని, అంతా సవ్యంగా జరిగితే పదేళ్ల సర్వీసుతో దిగిపోవచ్చు. పిల్లల పెళ్లి సంబంధాలు చూసే వయసులో ప్రొబేషన్! పోస్టులు ఇవ్వలేకపోయినప్పుడు ఏళ్లు ఇవ్వడం తమకు కలిసొచ్చిన పద్ధతి. ఖజానాకు దమ్మిడీ ఖర్చు ఉండదు.

నమూనాకు గ్రూప్-1 చాలు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో ఇచ్చిన నోటిఫికేషన్ మెయిన్స్, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, 2016లో మళ్లీ రాయాల్సి వచ్చింది. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు. దరఖాస్తులు 3.80 లక్షలు. అక్టోబరు 16న 2.86 లక్షల మంది ప్రిలిమ్స్ రాశారు. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకు బయటపడి అది రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. ఈసారి వచ్చింది 2.33 లక్షల మంది. నోటిఫికేషన్‌లో చెప్పిన బయోమెట్రిక్ హాజరు పరీక్ష రోజు తీసుకోలేదు. బొటనవేలు ఆనించాల్సిన చిన్న యంత్రం లేనందుకు సెప్టెంబరులో హైకోర్టు ఆ పరీక్షనూ కొట్టేసింది. ఒకే ఉద్యోగానికి రెండుసార్లు నల్ల పెన్నుతో బబుల్స్ దిద్దినవాడు మూడోసారి దిద్దడానికి 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చింది. జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్, ఆ మెయిన్స్‌కు ముందు, మెయిన్స్‌కు ఎంపిక చేసే పద్ధతి మార్చిన జీవో 29 మీద అశోక్‌నగర్ వీధుల్లో ఆందోళన, లాఠీలు. మార్కులు 2025 మార్చిలో వచ్చాయి. సెప్టెంబరు 9న సింగిల్ జడ్జి ర్యాంకుల జాబితా పక్కన పెట్టారు, అదే నెల 24న డివిజన్ బెంచ్ ఆ తీర్పును నిలిపేసింది, మూడు రోజులకు నియామక పత్రాలు పంచారు. అవి కూడా తుది తీర్పుకు లోబడి ఇచ్చినవే.

పరీక్ష కమిషన్ పని, తీర్పు కోర్టు పని, మాకేం సంబంధం అంటారేమో. పదకొండేళ్లలో ఒక్క గ్రూప్-1 ఉంటే ప్రతి పోస్టూ చావోరేవో అవుతుంది. లీకుకు అంత ధర పలికేదీ, ప్రతి కీ మీద కేసు పడేదీ అందుకే. ఏటా పరీక్ష ఉంటే ఓడినవాడు వచ్చే ఏడాదికి పుస్తకం తీస్తాడు, వకీలును వెతుక్కోడు.

ఏటా పరీక్ష పెట్టడం మానవ మాత్రులకు సాధ్యమా అంటే, యూపీఎస్సీ పెడుతోంది. తేదీలు ముందు ఏడాదే ప్రకటిస్తుంది. కరోనా ఏడాది కూడా మే 31 నాటి ప్రిలిమ్స్‌ను అక్టోబరు 4కు జరిపిందే తప్ప ఎగ్గొట్టలేదు. పొరుగున అమరావతిలోని తమ తోటి శాఖను చూపించి తప్పించుకోవద్దని మనవి. అక్కడ విరమణ వయసు 62. 2021 జూన్‌లో జాబ్ క్యాలెండర్ అంటూ 10,143 పోస్టులు చూపించారు, అందులో గ్రూప్-1, గ్రూప్-2 కలిపి 36. 2018 గ్రూప్-1 మెయిన్స్‌ను హైకోర్టు రద్దు చేసింది 2024లో, ఎంపికైనవాళ్లు ఉద్యోగాల్లో కుదురుకున్నాక.

ఉద్యోగాలు ఇవ్వకపోయినా రాబడి మాత్రం తమరు మరిచిపోలేదు. 2023లో టెట్ ఫీజు 400 రూపాయలు. 2024లో ఒక పేపరుకు 1,000, రెండింటికీ 2,000. గోల చేశాక తర్వాతి టెట్‌కు 750, 1,000కు దించారు. అయిదు రూపాయల భోజనం క్యూలో నిలబడేవాడి దగ్గర వెయ్యి వసూలు చేసే ధైర్యం ప్రైవేటు కాలేజీలకైనా ఉంటుందా అన్నది అనుమానమే. 2018 ఎన్నికల్లో చెప్పిన 3,016 రూపాయల నిరుద్యోగ భృతి వచ్చి ఉంటే కనీసం ఫీజులకు సరిపోయేది.

నిరుద్యోగం అంత ఎక్కువేమీ లేదని కేంద్రం సర్వే అంకెలు చూపించవచ్చు. ఆ సర్వే వారపు లెక్కలో, వారంలో ఏదో ఒక రోజు ఒక గంట పని చేసినా ఉద్యోగి కిందే జమ. సాయంత్రం గంటసేపు పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెప్పి వచ్చి, లైబ్రరీ చెట్టు కింద కుర్చీ వేసుకుని ఇండియన్ పాలిటీ తిప్పేవాడు ఆ లెక్కన ఉపాధి పొందినవాడే. తను నిరుద్యోగి కాడన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

కోరిక చిన్నదే. ఉద్యోగంలో చేరిన రోజే సర్వీసు రిజిస్టర్‌లో పుట్టిన తేదీ రాసుకుంటారు. 2031 జూన్‌లో ఏ మండలంలో ఏ కుర్చీ ఖాళీ అవుతుందో ఈ రోజే తమ కంప్యూటర్‌లో ఉంది. 2024 ఆగస్టు 2న అసెంబ్లీలో పెట్టిన జాబ్ క్యాలెండర్‌లో నెలలున్నాయి, పోస్టుల సంఖ్య లేదు. ఆ సంఖ్య వేయండి. దాని పక్కన, శాఖ నుంచి ఫైలు తమకు చేరిన తేదీ, తమ దగ్గర నుంచి కదిలిన తేదీ, మధ్యలో వేసిన కొర్రీలు.

ఇట్లు,
తమ పరిశీలనలో ఉన్న అభ్యర్థులు

జత: పదో తరగతి మెమో నకలు, పుట్టిన తేదీ ధ్రువీకరణ కోసం.