ఎవరు చెప్పారు నీకు?

మా రోజుల్లో తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, ఒక వాక్యం రాయాలంటే ముందు కంప్యూటరుకు తెలుగు నేర్పాలి. 2005, 2006 నాటి మాట. విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటరులో తెలుగు పేజీ తెరిస్తే వత్తులు ఊడిపోయి, గుడులు పక్కకు జారి, మధ్యలో చుక్కల సున్నాలు తేలేవి. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి ఎక్కడో మూలనున్న గడిలో టిక్కు పెడితే ఎక్స్‌పీ సీడీ పెట్టమనేది. ఆ సీడీ నెట్ సెంటరు ఓనరు బీరువాలో ఉంటుంది, ఆయనేమో ఎప్పుడూ భోజనానికి వెళ్ళి ఉంటాడు. చివరికి సీడీ దొరికి, కంప్యూటరు ఒకసారి ఆగి మళ్ళీ లేచి, గౌతమి ఫాంటులో ‘శ్రీ’ విరగకుండా కనబడిన రోజున అక్కడున్న వాళ్ళందరికీ నా డబ్బులతో టీ తెప్పించాను.

టైపు చెయ్యడం ఇంకో భాగోతం. ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు పడే ఆర్‌టీఎస్ పద్ధతి ఉండేది. ‘ళ’ కావాలంటే షిఫ్టు, ‘ణ’ కావాలంటే షిఫ్టు, దీర్ఘం తియ్యాలన్నా షిఫ్టే. 2006లో లేఖిని అనే తెలుగు టైపింగు పేజీ వచ్చాక అందులో కొట్టి, కాపీ చేసి, తెచ్చి వికీలో అతికించేవాళ్ళం. ఈలోగా కరెంటు పోతే మధ్యాహ్నమంతా చేసిన పని గంగపాలు. ఇప్పుడు మా మనవరాలు ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతుంది, అది రాసి పెడుతుంది. తప్పులు రాస్తుందనుకోండి, కానీ రాస్తుంది.

ఇదంతా ‘మేము ఎంత కష్టపడ్డామో’ అని చాటుకోవడానికి కాదు. పిల్లలకు కష్టం తప్పినందుకు నాకేం ఏడుపు లేదు. నా గొణుగుడంతా ఒక్క ప్రశ్న గురించి. మాకు ఆ ప్రశ్న మొదటి రోజే ఎదురయ్యేది. ఇప్పటి వాళ్ళకు ఆర్నెల్లయినా ఎదురవడం లేదు.

తెవికీని 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు మొదలుపెట్టారు. పత్రికల సొంత ఫాంట్లను యూనికోడులోకి మార్చే ‘పద్మ’ చేసిందీ ఆయనే. తర్వాత ఒకటి రెండేళ్ళకు మాలాంటి వాళ్ళం ఒక్కొక్కరం వచ్చి చేరాం. రాసేవాళ్ళు గుప్పెడుమంది. ‘ఇటీవలి మార్పులు’ పేజీ తెరిస్తే రోజంతా జరిగింది ఒక్క తెరలో కనబడేది. కొత్త సభ్యుడు ఏదైనా రాస్తే సాయంత్రంలోగా అతని చర్చ పేజీలో ఎవరో ఒకరు తగులుకునేవారు: ‘మీరు రాసిన రెండో పేరా బాగుందండీ, ఏ పుస్తకంలోది?’ అని. స్వాగతం చెప్పే మూస (ముందే రాసిపెట్టిన సందేశం) అప్పుడూ ఉండేది. దాని కింద మనిషి రాసిన రెండు ముక్కలు కూడా ఉండేవి. ఇప్పుడు ఖాతా తెరిచీ తెరవగానే మూస వచ్చి పడుతుంది, బోలెడు లింకులతో, పోస్టులో వచ్చిన శుభలేఖలాగా. ఎవరి పెళ్ళో తెలియదు, భోజనానికి రమ్మన్నారో లేదో కూడా తెలియదు.

మనవరాలంటే మా మేనకోడలి కూతురు. ఇంజనీరింగు చదువుతోంది. కాలేజీలో ఏదో పోటీ పెట్టారట, వికీపీడియాలో ఎవరు ఎక్కువ రాస్తే వాళ్ళకు సర్టిఫికెట్టు. ‘తాతయ్యా, నేర్పవా’ అని వచ్చింది. సరే కూర్చోమన్నాను. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపు ఖాతా తెరిచేసింది. ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న: ‘ఒక్క కామా పెట్టినా ఎడిట్ లెక్కలోకి వస్తుందా?’

వస్తుందమ్మా. అదే వచ్చిన చిక్కు.

ముందు ప్రయోగశాలలో, అంటే రాత సాధన చేసుకునే పేజీలో, కూర్చోబెట్టాను. మూడు అపాస్ట్రఫీలు పెడితే బొద్దక్షరం, రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే లింకు, రెండేసి సమానం గుర్తులు పెడితే శీర్షిక అని మొదలుపెట్టాను. ‘విజువల్ ఎడిటర్ ఉందిగా తాతయ్యా, బటన్ నొక్కితే చాలు’ అంది. ఉంది, ఎప్పటి నుంచో ఉంది. పేజీ పక్కనుండే సమాచారపెట్టెలో ఒక బ్రాకెట్టు ఊడి పేజీ అంతా చెల్లాచెదురైనప్పుడు ఏ బటన్ నొక్కుతావో చూస్తానన్నాను. చర్చ పేజీలో సంతకానికి నాలుగు టిల్డెలు కొట్టాలని చెప్పబోతే, జవాబు మీట నొక్కగానే సంతకం దానంతటదే పడిపోయింది. నా పాఠంలో సగం అక్కడే చెల్లిపోయింది. ఒప్పుకోక తప్పదు, అది మంచిదే. మా కాలంలో సంతకం మరిచిపోయిన వాళ్ళ వెంటపడి ‘ఇది రాసింది తమరేనా’ అని అడగడానికే పుణ్యకాలం గడిచిపోయేది.

అసలు పాఠం చీరాల దగ్గర వాళ్ళ అమ్మమ్మగారి ఊరి పేజీతో మొదలైంది. పిల్ల రాసిన మొదటి వాక్యం: ‘ఇది ప్రకృతి అందాలతో అలరారే ఎంతో ప్రసిద్ధి చెందిన గ్రామం.’

‘ఎవరు చెప్పారు నీకు?’ అన్నాను.

‘అందరికీ తెలుసు.’

‘అందరూ అంటే ఎవరు? ఏ పుస్తకంలో, ఎన్నో పేజీలో?’

అలరారడం పోయింది, ప్రకృతి పోయింది, ప్రసిద్ధి కూడా పోయింది. ‘గ్రామం’ ఒక్కటీ మిగిలింది. సరే, అది ఏ జిల్లా? పేజీలో ఒకచోట ప్రకాశం అని ఉంది, పక్కనున్న పెట్టెలో బాపట్ల అని ఉంది. అమ్మమ్మకు ఫోను చేసింది. ఆవిడ గుంటూరు జిల్లా అంది. పిల్ల నా ముఖం చూసింది.

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఇలాంటివి అడిగితే నాకు పండగే. ఆ ప్రాంతం 1970 దాకా గుంటూరు జిల్లా. ఆ ఏడాది ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆ ప్రాంతం బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. మనిషి గడప దాటకుండానే మూడు జిల్లాల్లో కాపురం చేసినట్టు. అందుకని అమ్మమ్మ చెప్పింది తప్పు కాదు, ఆవిడ పుట్టినప్పటి సంగతి ఆవిడ చెప్పింది. 1955లో అచ్చయిన పుస్తకం ఆ ఊరిని గుంటూరు జిల్లా అంటే దాన్నీ తప్పనకూడదు. అక్కడ పుట్టిన ఒక రచయిత పేజీలో జన్మస్థలం ఏ జిల్లా అని రాయాలి? ఆయన పుట్టిననాటిదా, నేటిదా? ఇలాంటి దాని మీద చర్చ పేజీల్లో పెద్దమనుషులు రోజుల తరబడి వాదించుకుంటారు. నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ వాదన వల్లే పేజీలో రెండు సంగతులూ తేదీలతో సహా నిలబడతాయి.

తెలంగాణలో ఇంకా పెద్ద పని పడింది. 2016 దసరా నాడు 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33 అయ్యాయి. మండలాలు చీలాయి, కొత్తవి పుట్టాయి. వేల ఊళ్ళ పేజీల్లో ఆ మార్పులన్నీ ఎవరు చేశారనుకున్నారు? జీతం లేని మనుషులు, ఉత్తర్వుల పీడీఎఫ్‌లు ముందు పెట్టుకుని చేశారు. జనాభా లెక్కలు మాత్రం 2011 దగ్గరే ఆగిపోయాయి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, అందుకు వికీపీడియాను తిట్టి లాభం లేదు.

జిల్లా తేలాక పిల్ల ఇంకో సంగతి బయటపెట్టింది. వాళ్ళ ముత్తాత 1921లో చీరాల–పేరాల ఉద్యమంలో ఇల్లు వదిలి రామనగరం వెళ్ళాడట. ఆ ఊళ్ళను మునిసిపాలిటీ చేసి పన్నులు వడ్డిస్తే కట్టలేమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఊరు ఊరంతా ఖాళీ చేసి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్న ఉద్యమం అది. ‘ముత్తాత పేరు ఆ పేజీలో రాస్తాను’ అంది. మళ్ళీ అదే ప్రశ్న అడిగాను. ‘అమ్మమ్మ చెప్పింది’ అంది. అమ్మమ్మ చెప్పింది చాలదన్నాను. అలిగింది. రెండు రోజులు ఫోను కూడా చెయ్యలేదు.

కఠినమైన నియమమే, కాదనను. మన ఊళ్ళ చరిత్రలో సగం అమ్మమ్మల నోళ్ళలోనే ఉంది. కానీ ఒక అమ్మమ్మను ఒప్పుకుంటే ఊరికి నలుగురు అమ్మమ్మలు, నాలుగు చరిత్రలు. పైగా మామగారి పేజీ రాసుకునే అల్లుళ్ళు, తన పేజీ తానే రాసుకుని ‘ప్రముఖ’ అని తగిలించుకునే మహానుభావులు గుమ్మం దగ్గరే కాచుకుని ఉన్నారు. వాళ్ళను ఆపేదీ ఈ ప్రశ్నే.

అలక తీరాక వేటపాలెం తీసుకెళ్ళాను, సారస్వత నికేతనానికి. 1918లో మొదలైన గ్రంథాలయం. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు అక్కడికి వస్తారు. పసుపుపచ్చబడ్డ కాగితాలు, ముట్టుకుంటే విరిగే అంచులు. ముత్తాత పేరు దొరకలేదు. రామనగరంలో జనం ఎలా బతికారో చెప్పే ఒక పేరా దొరికింది. పుస్తకం పేరు, ముద్రించిన ఏడాది, పేజీ నెంబరు నోటుబుక్కులో రాసుకుంది. రాత్రి దాన్ని సొంత వాక్యాల్లో రాసి, చివర మూలం పెట్టి, ప్రచురించు మీట నొక్కింది. పుస్తకంలోది ఉన్నదున్నట్టు దింపెయ్యకూడదని నేను చెప్పకుండానే గ్రహించింది. ఆ ఒక్క వాక్యానికి రోజంతా పట్టింది. పోటీ లెక్కలో దానికీ కామాకూ ఒకటే విలువ.

మా రోజుల్లో ఇలా బస్సెక్కి వెళ్ళడమే దారి. ఇప్పుడు భారతి పత్రిక పాత సంచికలు, వందేళ్ళ నాటి పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లుగా దొరుకుతాయి, వికీసోర్సులో కొన్ని అక్షరాలుగానే దొరుకుతాయి. ఇంట్లో కూర్చుని చదవొచ్చు. ఎవరు చదువుతున్నారు? ఇంగ్లీషు వ్యాసం తీసుకుని అనువాద పరికరంలో పోసి, వచ్చింది వచ్చినట్టు దించుతున్నారు. చెయ్యబడింది, ఇవ్వబడింది, ప్రేరేపించబడ్డాడు. 2010 ప్రాంతంలో ఒక పెద్ద కంపెనీ ఇలాగే యంత్రంతో అనువాదాలు చేయించి గుమ్మరిస్తే వాటిని బాగుచెయ్యలేక నడుములు పడిపోయాయి. ఇప్పుడు ఏఐ వచ్చింది. అడిగితే పుస్తకం పేరు, రచయిత పేరు, పేజీ నెంబరుతో సహా మూలం ఇస్తుంది. ఆ పుస్తకం ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు! మనవరాలు కూడా ఒకటి పట్టుకొచ్చింది. ‘పుస్తకం చూపించు’ అన్నాను. రెండు గంటలు వెతికి ఫోను పక్కన పడేసింది. ‘ఎవరు చెప్పారు నీకు’ అని ఆ రోజు ఆ ఏఐనే అడిగింది.

నాకూ చురక పెట్టిందిలెండి. ‘మీ రోజుల్లో రాసిన వ్యాసాలకు మూలాలేవి తాతయ్యా? పేజీలకు పేజీలు ఒక్క రెఫరెన్సు లేకుండా ఉన్నాయి’ అంది. నిజమే, కొల్లలుగా ఉన్నాయి. అప్పుడు తెలుగు పత్రికలు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంటులో ఉండేవి, లింకిచ్చినా అవతలివాళ్ళకు పిచ్చిగీతలే కనబడేవి. పుస్తకం పేరు చర్చ పేజీలో రాస్తే చాలనుకునే రోజులు. నా సమాధానం పిల్లకు నచ్చినట్టు లేదు. పాత వ్యాసాలకు మూలాలు వెతికి పెట్టే పనిలో పడింది, పోటీ అయిపోయాక కూడా.

పాతకాపులకూ ఒక మాట. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, అకారం దాటేలోపే 1923లో కన్నుమూశారు. మనిషి సాయం లేక ఎంత పని ఆగిపోతుందో తెలిసిన జాతి మనది. అలాంటిది, కొత్తవాళ్ళు ఒక మొలక (నాలుగు ముక్కల చిన్న వ్యాసం) రాస్తే దాని నెత్తిన తొలగింపు మూస తగిలించి చేతులు దులుపుకుంటారేం? తప్పైతే తీసెయ్యండి, తియ్యాలి కూడా. ఎందుకు తీశారో ఆ మనిషి చర్చ పేజీలో మీ వేళ్ళతో రెండు వాక్యాలు రాయండి. ఆ మాత్రం ఓపిక లేనివాళ్ళు నిర్వాహకత్వం ఎందుకు నెత్తినేసుకున్నట్టు?

ఇది చదివాక మీ ఊరి పేజీ తెరిచి చూడండి. జిల్లా సరిగ్గా ఉందా, మండలం సరిగ్గా ఉందా? లేకపోతే ప్రభుత్వ ఉత్తర్వు మూలంగా చూపించి మీరే దిద్దండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరైనా వెనక్కి తిప్పితే కోపం తెచ్చుకోకుండా చర్చ పేజీలో అడగండి, అక్కడ తేలకపోతే అందరూ చర్చించుకునే రచ్చబండ పేజీకి రండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, దిద్దుబాటు సారాంశం గడి ఖాళీగా వదలొద్దు. ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఒక్క ముక్క రాయండి, మాకు తల పగలకుండా ఉంటుంది.