చీకటిని కూడా నేనే తీస్తాను

నేను కెమెరాలోని సెన్సర్‌ని. షటర్ తెర వెనక ఉంటాను. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు, అందులోనే 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించిన సీసీడీ మా వంశంలో పెద్దది. దానికే వాళ్లకు 2009లో నోబెల్ వచ్చింది. నేను తర్వాత పుట్టిన సీమాస్ శాఖకు చెందినదాన్ని.

మా టీచరమ్మ నన్ను అమావాస్య దగ్గర పడితే గండికోటకు తీసుకెళ్తుంది. పెన్న లోయ అంచున ట్రైపాడ్ నిలబెట్టి, గాలికి కదలకుండా దానికి బ్యాగు వేలాడదీస్తుంది. ఒక చుక్కను తెర మీద పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా ఫోకస్ రింగు తిప్పుతుంది. తర్వాత రింగు జరగకుండా టేపు అంటిస్తుంది. వేలు తగిలితే కెమెరా అదురుతుందని రిమోట్‌తో షటర్ తెరుస్తుంది.

ఇక నాలుగు నిమిషాలు వెలుతురు పోగేసుకోవడమే నా పని. మనిషి కన్ను ఇంతసేపు దాచుకోలేదు. నేను దాచుకుంటాను. ఈలోగా భూమి ఒక డిగ్రీ తిరుగుతుంది, ప్రతి చుక్కా చిన్న గీత అవుతుంది. ఇక్కడ ధ్రువుడు ఉత్తరాన దాదాపు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆ ఊరి అక్షాంశమూ అంతే కదా! అందుకే ఆయన చుట్టూ తిరిగే పెద్ద వలయాలు కొండ వెనక తెగిపోతాయి.

నాకు అసలు కష్టం వేడితోనే. ఏప్రిల్‌లో రాత్రి పదింటికి కూడా బండలు సెగలు కక్కుతుంటాయి. చుక్క వెలుతురు నాలో ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది, వేడీ విడిపిస్తుంది. ఏది దేనిదో నాకు తెలియదు. ఫొటోలో ఎర్రటి, నీలపు చుక్కలు పొక్కుతాయి. అందుకే షటర్ మూసుకున్నాక ఇంకో నాలుగు నిమిషాలు నేను కటిక చీకట్లో పనిచేస్తాను. వేడి గీసిన చుక్కలు మాత్రమే అందులో పడతాయి. మొదటి ఫొటోలోంచి వాటిని తీసేస్తే ఆకాశం మిగులుతుంది.

టీచరమ్మ తమ్ముడికి అంత ఓపిక లేదు.

"ఏమక్కా, ఇది పలకడం ల్యా. ఆపేసేదా?"

"ఉండ్రా, ముట్టుకోవద్దు. ఇప్పుడు చీకటి తీస్తాంది."

చుక్కల వలయాల కోసం వరుసగా వందల ఫొటోలు తీసేటప్పుడు మాత్రం మధ్యలో ఇలా ఆగితే గీతలు తెగుతాయి. అప్పుడు చివర్న లెన్స్‌కు మూత పెట్టి చీకటి ఫొటోలు విడిగా తీస్తుంది. నల్లగా ఉన్నాయని చాలామంది వాటిని డిలీట్ చేసేస్తారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది. టీచరమ్మ వాటికి వేరే ఫోల్డర్ పెట్టింది. ఒక్కోదాని పేరులో ఊరు, నెల, ఆ రాత్రి ఎన్ని డిగ్రీల వేడి ఉందో రాసుకుంటుంది.