సెట్టింగుల మావయ్య

గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా ఏ వీధిలో అడిగినా ఇలాంటి మనిషి ఒకడు దొరుకుతాడు. స్టీలు ప్లాంటు ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో చేసి, రిటైరై, చేతులు ఊరుకోక వీడియోల మీద పడ్డవాడు. మా వీధిలో ఆయన సెట్టింగుల మావయ్య. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది. ఆ బిల్లు సంగతి అత్తయ్య దగ్గర ఎత్తకూడదు.

మావయ్య సినిమా చూడడు. సినిమా ఎలా ఆడుతోందో చూస్తాడు. అందరూ హీరో వంక చూస్తుంటే ఆయన తెర మూలనున్న చీకటి వంక చూస్తాడు, అక్కడ గళ్ళేమైనా పడుతున్నాయేమోనని. "ఆకాశం చూశావా, మెట్లు మెట్లుగా ఉంది" అంటాడు. అంతవరకూ మనకు బాగానే ఉన్న ఆకాశం ఇంక జన్మలో బాగుండదు. ఆర్కే బీచికి జనం గాలి కోసం పోతారు. ఈయన కెరటాల వంక చూసి "దీనికి కనీసం 12 మెగాబిట్లు పడతాది" అని నిట్టూరుస్తాడు.

ఆయన లెక్కలో స్వర్ణయుగమంటే వీసీడీల కాలం. 352 అడ్డం, 288 నిలువు, సెకనుకి 1150 కిలోబిట్లు, సినిమాకి రెండు డిస్కులు. ఆ కొలతల్లో ఎవర్నీ వేలు పెట్టనిచ్చేవారు కాదు కాబట్టి ఏ ప్లేయర్లో వేసినా బొమ్మ పడేది. ఇప్పుడన్నీ ఎంపీ4 అనే ఒకే పేరుతో వస్తాయి. లోపల బొమ్మని కుదించిన పద్ధతి 2003 నాటి హెచ్.264నో, 2013 నాటి హెచ్.265నో టీవీకి గుచ్చేదాకా తెలీదు. పాత టీవీ చిప్పుకి మొదటిదే వచ్చు. రెండోది పెడితే చాలాసార్లు పాట వినిపిస్తుంది, బొమ్మ రాదు. పాత ల్యాప్‌టాప్ అయితే చిప్పు చెయ్యాల్సిన చాకిరీ ప్రాసెసర్ నెత్తిన పడి, ఫ్యాను హోరెత్తి, హీరో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోతాడు.

"ఓడ కొత్తదైతే సరిపోద్దేట్రా? రేవులో లోతుండొద్దా?" అనేది మావయ్య సిద్ధాంతం. రుషికొండలో సాఫ్ట్‌వేరు చేసే మేనల్లుడు అంతకన్నా కొత్త పద్ధతి ఏవీ1 వచ్చింది, సైజు ఇంకా తగ్గుతుంది అన్నప్పుడల్లా ఇదే జవాబు. సిద్ధాంతంలో లోపం లేదు. లోపమంతా ఆచరణలో.

రాత్రి భోజనాలయ్యాక, వీడియోల్ని టీవీకి పనికొచ్చేలా మార్చడానికి కంప్యూటరు వెలుగుతుంది. దాని పేరు అన్నపూర్ణ. ప్లాంటులో మూడో బ్లాస్ట్ ఫర్నేసు పేరదే. "ఫర్నేసు వెలిగించాక మధ్యలో ఆర్పకూడదు" అని ఇంట్లో రూలు పెట్టాడు. ఓ అర్ధరాత్రి అత్తయ్య లేచి స్విచ్చి కట్టేసింది. 94 శాతం దగ్గర. ఆ వారం ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

వీడియోని హెచ్.264లోకి మార్చే ఎన్‌కోడరు ఎక్స్264లో అల్ట్రాఫాస్ట్ మొదలుకొని ప్లసీబో దాకా వేగానికి పది మెట్లున్నాయి. ఆ చివరిదానికి తయారుచేసినవాళ్ళే ఉత్తుత్తి మాత్ర పేరు పెట్టి మరీ హెచ్చరించారు, టైము తింటుందే గాని కంటికి తేడా తెలీదని. మావయ్య చేతికి మాత్రం ఆ మెట్టే అందుతుంది.

మొన్న ఎదురింటి మామ్మగారి మనవడి పెళ్ళి వీడియో వచ్చింది. ఫోటోగ్రాఫరు 4కేలో, 10 బిట్లలో పెన్‌డ్రైవుకెక్కించి ఇచ్చి చక్కా పోయాడు. మామ్మగారి టీవీ ససేమిరా అంది. మావయ్య రంగంలోకి దిగి, సీఆర్‌ఎఫ్ 18 పెట్టి, రాత్రంతా అన్నపూర్ణను మండించాడు. పొద్దున్న జీలకర్ర బెల్లం దాకా బొమ్మ నున్నగా నడిచింది. తలంబ్రాల దగ్గర చతికిలబడింది.

ఎందుకంటే ఎన్‌కోడరు పిసినారి. పందిరి కదలదు, అరటిచెట్టు కదలదు, కాబట్టి ముందు ఫ్రేములో ఉన్నదే మళ్ళీ వాడుకుంటుంది. తలంబ్రాల్లో ప్రతి గింజా తన దారిన తను పోతుంది. వాడుకోవడానికేమీ మిగలదు. సీఆర్‌ఎఫ్ అంటే నాణ్యత తగ్గనివ్వకు, బిట్లు ఎన్నైనా పొయ్యి అని చెప్పడం. పోసింది. టీవీ మింగలేకపోయింది.

దాంతో మావయ్యకి రోషమొచ్చి బిట్‌రేటు నిలువునా కోసేశాడు. ఈసారి ఆగలేదు గాని, మామ్మగారు కళ్ళజోడు సవరించుకుని, "ఏటి నాయనా, పిల్ల మొహం నిండా ఆ గళ్ళేటి? మేకప్పా?" అంది.

మూడో రాత్రికి దారికొచ్చాడు. 1080, 8 బిట్లు, మీడియం మెట్టు, సీఆర్‌ఎఫ్ 22, ఎంత గింజల వానైనా 8 మెగాబిట్లు దాటకుండా మ్యాక్స్‌రేటు కళ్ళెం, ఆ కళ్ళేనికి సరిపడా బఫరు. తలంబ్రాలు గింజ గింజా కనిపిస్తూ రాలాయి. మామ్మగారు మురిసిపోయి, "అదిగో, నువ్వూ ఉన్నావు బాబూ!" అని చూపించింది. నిజమే. రెండో వరసలో, పెళ్ళికూతురి వైపు వీపు పెట్టి, మండపం పక్కనున్న ఎల్ఈడీ తెరని పరీక్షగా చూస్తున్నాడు.

మీ ఇంట్లో పెళ్ళుంటే ఫోటోగ్రాఫరుకి బాకీ తీర్చకముందే ఒక మాట వెయ్యండి. పెద్దవాళ్ళ టీవీకి విడిగా ఒక కాపీ కావాలి, 1080లో, హెచ్.264లో, 8 బిట్లలో, సౌండు ఏఏసీలో. పెన్‌డ్రైవు ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు దానికెక్కదు, ముక్కలు చేసి ఇమ్మనండి. ఇదంతా నేను చెప్పానని మాత్రం మావయ్యతో అనకండి. ఆయనకి చేతిలో పని లేకుండా పోతుంది.