సెలవు పట్నానిది, పండుగ ఊరిది

బోనాల సెలవు జిల్లాల్లో ఉన్న మనకూ ఇస్తున్నరు, సంతోషం. కాకపోతే అది ఆషాఢంలో, హైదరాబాద్ లాల్‌దర్వాజ బోనాల తెల్లారి సోమవారం వస్తుంది. ఉమ్మడి కరీంనగర్ పల్లెల్లో చాలాచోట్ల పోచమ్మకు బోనం ఎత్తేది శ్రావణంలో. అప్పటికి సెలవు ఖర్చయిపోయి ఉంటుంది. బోనం ఎత్తుకునే టీచరమ్మ క్యాజువల్ లీవు రాసి అమ్మవారి దగ్గరికి పోవాలె.

సద్దుల బతుకమ్మ సంగతి ఇంకా సొగసు. సర్కారు లెక్కలో తొమ్మిదో రోజు. వేములవాడలో మాత్రం ఏడో రోజే సద్దులు. అక్కడి ఆడబిడ్డ వేరే ఊరి కోడలైతే పుట్టింట్లో ఒకసారి, అత్తింట్లో ఒకసారి ఆడుకుంటుంది. దసరా సెలవులు అడ్డం ఉన్నయి కాబట్టి సరిపోయింది గానీ, లేకుంటే ఈ తేడా తేల్చడానికి ఈపాటికి కమిటీ పడేది!

ఇక ఆదిలాబాద్. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి గోండుల దేవుడు నాగోబాకు మహాపూజ. గోండుల్లోని మెస్రం వంశీయులు కాలినడకన పోయి గోదావరి జలం తెస్తరు. ఆ నడకకు టీఏ బిల్లు లేదు. మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ కాలంలో, 1940లలో మొదలైన జాతర దర్బారుకు సార్లు కార్లలో వస్తరు, అర్జీలు తీసుకుంటరు. పోడు పట్టా అడిగిన కాగితానికి మాత్రం మళ్లీ దర్బారు దాకా వేతనంతో కూడిన సెలవు.

సెలవుల జీవో రాసే సారూ, వచ్చే ఏటి జాబితా టైపు కొట్టేముందు ఈ రెండు జిల్లాలకు ఒక ఫోన్ కొట్టండి.