పని మీద ధ్యాస

హైదరాబాద్–వరంగల్ దారిలో జనగామకు దగ్గరలోనే ఉంటుంది పెంబర్తి. ఇక్కడి ఇత్తడి నగిషీ పని కాకతీయుల కాలం నాటిదంటారు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. ఇంత పేరున్న పనిలో కుర్రాళ్లు ఎందుకు నిలబడటం లేదని ఏ పెద్దమనిషిని అడిగినా ఒకటే జవాబు: "ఈ కాలం పోరగాండ్లకు పని మీద ధ్యాస లేదు సారూ."

మా ఊరి గుడికి మకర తోరణం చేయించడానికి వెళ్లినప్పుడు ఒక షెడ్డులో ఇదే మాట విన్నాను. చెప్పిన పెద్దాయనకు డెబ్భై దాటాయి. ఆయన కింద నలుగురు కుర్రాళ్లు.

ఆయన పని చూసి తీరాల్సిందే. లక్క పరిచిన చెక్క మీద ఇత్తడి రేకు అతికించి, తోరణం నడినెత్తిన వచ్చే కీర్తిముఖం కొడుతున్నాడు. ముక్కు, కోరలు మిగతావాళ్లూ కొట్టగలరు. కన్ను మాత్రం ఆయనదే. కనుగుడ్డు లేపేటప్పుడు ఉలిని నిటారుగా పట్టడు, బొటనవేలి వైపు కాస్త వాలుస్తాడు. ఎడమచేత్తో చెక్కను తిప్పుతూ మూడు దెబ్బలు మెల్లగా వేస్తాడు, నాలుగోది చప్పుడే కాదు. రవ్వంత ఎక్కువైతే రేకు చిరుగుతుంది. ఎట్లా కొట్టాలో ఎవరికీ నోటితో చెప్పడు.

"మా నాయిన నాకు చెప్పిండా? చూసుకుంట నేర్సుకున్న."

ఐటీఐ చదివి వచ్చిన కుర్రాడొకడు అలాగే చూస్తున్నాడు. కాకపోతే ఎదురుగా ఇటుకకు ఆనించి సెల్‌ఫోన్ పెట్టాడు. పెద్దాయన కంట పడింది.

"పొద్దందాక సెల్లేనా? జీతమిచ్చేది గందుకేనా?"

"నీ చెయ్యే తీస్తున్న తాతా. రాత్రి ఇంటికాడ చూసుకుంట తుక్కు రేకు మీద కొడుతున్న." సంచిలోంచి అరచేయంత రేకు ముక్క తీసి ముందు పెట్టాడు. దాని మీద వంకరటింకరగా కొన్ని కళ్లు ఉన్నాయి. చివరిది బాగానే కుదిరింది.

పెద్దాయన దానివంక చూడలేదు. "నా పని సెల్లుల వెట్టి లోకానికి పంచుతవా? ఇప్పుడే తీసెయ్. నా ముంగట్నే."

నాకు మనసొప్పలేదు. వాడు చేస్తున్నదీ చూసి నేర్చుకోవడమే కదా, ఒకసారికి బదులు వందసార్లు చూస్తున్నాడు, అన్నాను. "మీకు తెల్వదు సారూ" అన్నాడాయన.

కుర్రాడు ఒక్కో వీడియో తీసేశాడు. పెద్దాయనకు నమ్మకం కుదరక పక్కవాణ్ని పిలిచి చూడమన్నాడు. "ఇవన్ని ఇంకో డబ్బాల వడ్తయి తాతా, ఆడికెళ్లి సుత తీయాలె" అన్నాడు వాడు. అక్కడి నుంచీ తీయించాడు. నెల తిరగకముందే ఆ కుర్రాడు పని మానేసి హైదరాబాద్‌లో ఏదో మిషన్ షాపులో చేరాడని తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకు గర్భగుడి తలుపుల తొడుగు కోసం మళ్లీ అదే షెడ్డుకు వెళ్లాను. తలుపుకొక కీర్తిముఖం కావాలి. పెద్దాయన మంచం మీద ఉన్నాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. షెడ్డులో ఉన్నవాళ్లు కొట్టిన కళ్లు చూపించారు. రెండు చిరిగాయి, మూడోది చదునుగా పడుంది. మంచం మీది నుంచి ఆయన ఎంత చెప్పినా వాళ్లకు అందడం లేదు. చేతితో చూపించాల్సిన పని అది.

కాసేపు చూసి, ఆ హైదరాబాద్ కుర్రాడికి ఫోన్ కలపమన్నాడు. కొడుకు స్పీకర్ పెట్టి చెవి దగ్గర పట్టుకున్నాడు.

"బిడ్డా, నా చెయ్యి వడిపోయింది. నువ్వు తీసిన వీడియోలు ఒక్కటన్న ఉంటే పంపురా. వీళ్లకు చూపెట్టాలె."

అటువైపు కాసేపు మాట లేదు.

"ఒక్కటి సుత లేదు తాతా. డబ్బాలకెళ్లి సుత తీయించినవ్ గద."

ఆ కన్ను కొట్టడం ఇప్పుడు ఆ షెడ్డులో ఎవరికీ రాదు.